ప్లాస్టిక్ డబ్బాలో ఉంగరం

ఆవిడ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ అక్కర్లేదు. ఆవిడ కంటే వయసులో పెద్దవాళ్లు కూడా "బ్యాటరీ అక్క" అనే పిలుస్తారు. కరెంటు పోయినప్పుడు ఇళ్లూ, ఆఫీసులూ, ఆసుపత్రులూ చీకట్లో పడకుండా కాపాడే సీల్డు బ్యాటరీలను అమ్మడం, బిగించడం, పాతవాటిని విప్పి పట్టుకుపోవడం ఆవిడ పని. కొట్టు తండ్రి పెట్టింది. ఆయన తర్వాత అక్కదీ, తమ్ముడిదీ అయింది.

ఆ కొట్టులోకి అడుగుపెడితే ఎవరైనా గొంతు తగ్గించి మాట్లాడతారు, లోపల పసిపిల్లలెవరో నిద్రపోతున్నట్టు. ఎండ పొడ తగలని గది. గోడవారన చెక్క పలకలు, వాటి మీద తిన్నగా నిలబెట్టిన బ్యాటరీలు. ఒక్కోదాని నెత్తిన అది కొట్టుకి వచ్చిన తేదీ సుద్దముక్కతో రాసి ఉంటుంది. ముందొచ్చింది ముందు వెళ్లిపోవాలి. అమ్ముడుపోకుండా మిగిలిన వాటికి అప్పుడప్పుడు చార్జింగు పెట్టాలి, లేకపోతే కూర్చున్న చోటే నీరసించి పనికిరాకుండా పోతాయి.

"పని చెయ్యకపోయినా తిండి పెట్టాలి వీటికి, మా ఆయనకి పెట్టినట్టు," అంటుంది అక్క, ఆయనకి వినపడేలా. ఆయన టైలరు. పక్క గదిలోనే మిషను తొక్కుతుంటాడు కాబట్టి వినపడక ఛస్తుందా?

"నేను కుడుతూనే తింటున్నాను కదే!" అని అక్కడినించే కేకేస్తాడు.

అక్క చాదస్తాల గురించి చెప్పాలంటే ముందు ఆవిడ డబ్బా గురించి చెప్పాలి. పచ్చరంగు ప్లాస్టిక్ డబ్బా. ఒకప్పుడు బిస్కెట్లు పోసుకున్నది. ఎక్కడికి పనికెళ్లినా స్పానర్ల సంచీ కంటే ముందు అది బయటికొస్తుంది. అక్క బంగారు గాజులు, తమ్ముడి వాచీ, ఇద్దరి తాళాలు అందులో పడాలి. దగ్గరికొచ్చి తొంగిచూసే సరదా ఉంటే ఆ ఇంటివాళ్ల గొలుసులూ పడాలి. ఎందుకమ్మా ఇదంతా, సీల్డు బ్యాటరీయే కదా అని ఎవరైనా అన్నారో, అయిపోయారే.

"మూత వేసింది లోపలి ఆసిడ్‌కి. కరెంటుకి కాదు. మీ టీవీకి స్విచ్చుంది, ఫ్యానుకి స్విచ్చుంది. దీనికెక్కడుందో చూపించండి. లేదు కదా? ప్లస్సుకీ మైనస్సుకీ మధ్య స్పానరు పడ్డా ఒకటే, మీ గొలుసు పడ్డా ఒకటే. ఎర్రగా కాలి మెడకి అంటుకుంటుంది. తీస్తారా, పక్క గదిలోకెళ్లి కూర్చుంటారా?"

చాలామంది పక్క గదిలో కూర్చోవడానికే మొగ్గు చూపుతారు.

ఇక తమ్ముడు. ఈయన్ని అంతా సరేబాబు అంటారు. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ "కాదు" అని చెప్పిన పాపాన పోలేదు. ఎదురింటావిడ కొళాయి కారుతోందంటే సరే. మేడమీదాయన మంచం దింపాలంటే సరే. ఒకే సాయంత్రం ఇద్దరికి మాటిచ్చి, ఇద్దరి దగ్గరా తిట్లు తిని, ఆ తిట్లకి కూడా తలూపి వచ్చేవాడు. అంత మొగమాటం మనిషికి పనికిరాదని అక్క పోరు పెట్టేది. దానికీ ఆయన జవాబు "సరే అక్కా"యే.

అయితే బరువెత్తడంలో మాత్రం ఆ ఇద్దరికీ సాటి లేదు. పెద్ద బ్యాటరీ అంటే మాటలు కాదు, నడుములు విరిచేస్తుంది. ఒక్కరే ఎత్తకూడదు. పైకి పొడుచుకొచ్చిన ప్లస్సు, మైనస్సు టెర్మినళ్లు పట్టుకుని అసలే ఎత్తకూడదు. ఇద్దరూ చెరోవైపు మోకాళ్లు వంచి కూర్చుంటారు, అడుగున చేతులు వేస్తారు, అక్క "ఊఁ" అంటుంది. ఆ ఊఁతో పాటే బ్యాటరీ లేస్తుంది, పక్కకి తిరుగుతుంది, పలక మీద చప్పుడు లేకుండా కూర్చుంటుంది. ఇన్నేళ్లలో ఒక్కటీ జారలేదు, ఒక మూల కూడా చిట్లలేదు. ఆ ఊఁ ఎప్పుడూ అక్కదే.

సరేబాబుకి పెళ్లి చెయ్యాలని అక్క కాళ్లరిగేలా తిరిగింది. ఏ సంబంధం చూపించినా ఆయన సరే అనేవాడు. అందరికీ సరే అనేవాడికి నిజంగా ఎవరు నచ్చారో తెలిసేదెలా? చివరికి తల నెరిశాక, కంటి ఆసుపత్రిలో బ్యాటరీలు బిగించడానికి వెళ్లి, అక్కడ రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడ దగ్గర మనసు పారేసుకుని వచ్చాడు. ఆ తర్వాత ఆ బ్యాటరీలను చూడ్డానికి వారం వారం వెళ్లడం మొదలుపెట్టాడు.

"వాటికేమైనా ప్రాణం మీదకొచ్చిందా, అన్నిసార్లు పరామర్శకి వెళ్తున్నావ్?" అని అక్క అడిగింది.

ఆయన చెవులదాకా ఎర్రబడ్డాడు. అక్క పగలబడి నవ్వింది. పెళ్లి కూడా తనే దగ్గరుండి చేయించింది, పెళ్లిలో అందరికంటే గట్టిగా ఏడ్చింది కూడా.

పెళ్లయ్యాక మొదటి పని ఒక ఫొటో స్టూడియోలో. అక్క డబ్బా తీసింది. గాజులు పడ్డాయి, వాచీ పడింది, తాళాలు పడ్డాయి. తమ్ముడి ఎడమ చేతికి కొత్త ఉంగరం మెరుస్తోంది. అది మాత్రం పడలేదు.

"ఉంగరం," అంది అక్క.

"అది... తను తియ్యొద్దందక్కా. ఎప్పుడూ తియ్యకూడదంది. ఇదిగో, దీని మీద టేపు చుట్టేసుకుంటాను."

నల్లటేపు తీసి నిజంగానే చుట్టడం మొదలుపెట్టాడు. అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"టేపు చుడితే బంగారం ప్లాస్టిక్ అయిపోతుందా? రెండుసార్లు రుద్దుకుంటే ఊడొస్తుంది ఆ టేపు. నాన్న నేర్పిన పని ఇదేనా? తీస్తే పని చెయ్యి. తియ్యకపోతే ఇంటికెళ్లి ఆవిడ పక్కన కూర్చో."

ఆయన అక్క మొహం వంక చూశాడు. సరే అంటాడనుకుంది. అనలేదు. టేపు చుట్ట కింద పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ మర్నాడు కొట్టుకి రాలేదు, ఆ పై రోజూ రాలేదు.

అక్క పైకి మాత్రం బింకంగానే ఉంది. "వాడు లేకపోతే కొట్టు నడవదా ఏంటి?" అని అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ చెప్పింది. లోపల మాత్రం కుమిలిపోయింది. తమ్ముడు చెయ్యి దాటిపోతున్నాడు. నిన్నగాక మొన్న వచ్చిన మరదలు ఒక్కమాట అంటే, ఇన్నేళ్ల అక్క మాట గాలికి పోయింది. వాడు ఇక ఎప్పటికీ రాడేమో. చెరోవైపు కూర్చుని ఊఁ అనే రోజులు అయిపోయాయేమో. కొట్టులో బ్యాటరీల తేదీలు చూస్తూ ఆ మాటే అనుకునేది. కళ్లలో నీళ్లొస్తే సుద్దపొడి పడిందనుకునేది.

పనులు ఆగవు కదా. చిన్నవి తనే ఎత్తుకుంది. ఓ పెద్దదాని దగ్గర టైలరుగారు వీరుడిలా ముందుకొచ్చాడు.

"నేనున్నానుగా. పట్టు."

"ముందు ఆ వేలికున్నది తియ్యండి."

కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే లోహపు టోపీ అలాగే పెట్టుకుని వచ్చేశాడు మహానుభావుడు. అది డబ్బాలో పడింది. అక్క ఊఁ అంది. ఆయన ఆ ఊఁ గురించి కాస్త ఆలోచించి, తర్వాత లేచాడు. బ్యాటరీ దక్కింది గానీ నడుము దక్కలేదు. ఆ రోజు నుంచి మంచం మీదే పడుకుని కాజాలు కుడుతున్నాడు.

అలా ఉండగా ఒక ఉదయం కొట్టులో ఫోను మోగింది. కంటి ఆసుపత్రి నుంచి మరదలు.

"వదినా, బ్యాటరీల గదిలోంచి కుళ్లిన గుడ్ల వాసన వస్తోంది. అల్మారా తలుపు మీద చెయ్యి పెడితే వేడిగా ఉంది. మధ్యాహ్నం నుంచి ఆపరేషన్లున్నాయి. నాకు భయంగా ఉంది."

అక్కకి కోపం, రోషం అన్నీ ఎగిరిపోయాయి.

"ఆ గదిలోంచి అందర్నీ బయటికి పంపు. లోపల స్విచ్చేదీ ముట్టుకోవద్దు. వరండాలో చార్జరు మెయిన్ ఉంది చూడు, అది ఆపించు. కిటికీలు వరండా వైపునించి తెరుచుకుంటాయిగా, తెరిపించు. ఆ అల్మారా ఎక్కడిదో వచ్చాక చూస్తాను, దాని తలుపు జోలికి మాత్రం వెళ్లకు. నేనొస్తున్నా."

కొట్టుకి తాళం వేసి, తాళాల గుత్తి నడుముకి దోపుకుని, కొత్త బ్యాటరీలు ఆటోలో ఎక్కించింది. ఎక్కించడానికి ఆటో డ్రైవరూ, ఎదురుకొట్టు ఆయనా చెయ్యేశారు. వాళ్లిద్దరి వాచీలు డబ్బాలోకి వెళ్లి, తిరిగి వాళ్ల చేతులకి వచ్చాకే ఆటో కదిలింది.

ఆసుపత్రి చేరేసరికి గదిలో గాలి బాగానే ఆడింది. వాసన పల్చబడింది. వేడి పూర్తిగా చల్లారే దాకా అక్క గుమ్మంలోనే నిలబడింది. తర్వాత లోపలికెళ్లి చూస్తే, తను తమ్ముడితో కలిసి బిగించిన రాక్ కనపడలేదు. దాని స్థానంలో నున్నగా రంగేసిన చెక్క అల్మారా ఉంది. తలుపుకి చుట్టూ రబ్బరు అంచు. గాలి దూరడానికి సందు లేదు. తెరిస్తే, లోపల బ్యాటరీలు పొట్టలు ఉబ్బి ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి.

సీల్డు బ్యాటరీలు కూడా వేడెక్కితే లోపలి గాలిని కాస్త బయటికి వదులుతాయి. వాటి చుట్టూ గాలాడాలి. ఆ సంగతి తెలిసిన ఏ మనిషీ ఇలాంటి తలుపు పెట్టడు.

"ఏ వడ్రంగి పెట్టాడమ్మా ఈ తలుపు? వాణ్ణొకసారి నా ముందుకి తీసుకురా," అంది అక్క.

మరదలు నీళ్లు నమిలింది. "మీ తమ్ముడే, వదినా. పెళ్లికి ముందు. ఆ తీగలన్నీ పైకి కనిపిస్తుంటే బాగాలేదు, తలుపుంటే బాగుండునని నేనేదో మాటవరసకి అన్నాను. మర్నాడే చెక్కలు తెచ్చి చేసేశారు. కుదరదని చెప్తే నేనేమనుకుంటాను? ఓ పరదా వేసుకునేదాన్ని."

అక్క నుదురు కొట్టుకుంది. ఇంత పని తెలిసినవాడు! ఆ పిల్ల మొహం చూసి కాదనలేక, గాలాడని పెట్టెలో పెట్టి తలుపేశాడన్నమాట.

తిట్టుకోవడానికి టైము లేదు. అక్క గాజులు తీసి డబ్బాలో వేసింది. కళ్లద్దాలు, చేతులకి రబ్బరు తొడుగులు పెట్టుకుంది. టార్చిలైటు మరదలి చేతికిచ్చి, దూరంగా నిలబడి వెలుతురు చూపించమంది. అలవాటు కొద్దీ డబ్బా ముందుకు చాపింది.

"చేతికున్నవన్నీ తీసి ఇందులో వెయ్యి."

మరదలు గాజులు తీసింది, వాచీ తీసింది, తమ్ముడి ఉంగరానికి జతగా ఉన్న తన ఉంగరం కూడా తీసి, ఎందుకని అడగకుండా డబ్బాలో పడేసింది. అక్క ఆ పిల్ల వంక విడ్డూరంగా చూసింది.

"అంత తేలిగ్గా తీసేశావ్! మరి వాణ్ణి మాత్రం ఎప్పుడూ తియ్యొద్దన్నావట?"

"నేనా? నేనెప్పుడన్నాను వదినా? పనిలో తియ్యాలని ఆయనే నాకు చెప్పారు, పెళ్లికి ముందే. మీ డబ్బా గురించి చెప్పి తెగ నవ్వించారు కూడా. ఈ మధ్య కొట్టుకి ఎందుకు వెళ్లట్లేదంటే, మీరే సెలవిచ్చారన్నారు."

అక్క అక్కడున్న కుర్చీలో కూలబడింది. తనతో ఆవిడ పేరు చెప్పాడు. ఆవిడతో తన పేరు చెప్పాడు. ఇష్టం లేదు అనే ఒక్క మాట నోటితో అనలేక, చిన్నపిల్లాడిలా ఇద్దరి కొంగుల చాటునా దాక్కున్నాడు. వాడికి ఆ మాట అనడం రాదని ఊరంతా నవ్వింది. తనూ నవ్వింది. వాడి నోట ఆ మాట వచ్చే సందు తను ఎప్పుడైనా ఇచ్చిందా? వాడి చిన్నప్పటినుంచీ ఊఁ అన్నది తనే.

అక్కే తమ్ముడికి ఫోను చేసింది.

"తమ్ముడూ, కంటి ఆసుపత్రిలో ఉన్నాను. బ్యాటరీలు ఉబ్బాయి. రెండో మనిషి కావాలి."

"సరే అక్కా."

"వెంటనే సరే అనేయకు. ఆలోచించుకుని చెప్పు. రావాలని లేకపోతే లేదని చెప్పు, నేనేం అనుకోను. ఇంకెవర్నైనా పిలుచుకుంటాను."

ఈసారి ఆయన నిజంగానే ఆలోచించుకున్నాడు. తర్వాత, "వస్తానక్కా," అన్నాడు.

వచ్చాడు. ఊడదీసి గోడకి ఆనించిన తలుపును చూడగానే తల దించుకున్నాడు. భార్యని చూసి ఇంకా దించుకున్నాడు. డబ్బాలో ఆవిడ ఉంగరం కనపడింది. ఇక దించడానికి తల మిగల్లేదు.

"తలుపు సంగతి తర్వాత తిడతాను," అంది అక్క. "ఉంగరం సంగతి చెప్పు. ఈ పిల్ల అనలేదటగా."

"అనలేదు. నాకే తియ్యాలని లేదక్కా." చాలా మెల్లగా అన్నాడు. "ఇన్నాళ్లకి నాకంటూ ఒకటి వచ్చింది. ఆ డబ్బాలో ఎవరెవరి తాళాలూ గొలుసులూ ఉంటాయి, వాటి మధ్య పడెయ్యాలంటే మనసొప్పలేదు. ఆ మాట నీతో చెప్తే ఏమంటావోనని."

"ఏమంటానూ? తియ్యమంటాను."

"అందుకే చెప్పలేదు."

మరదలు టార్చి వెనకాల నవ్వు ఆపుకోలేకపోయింది. అక్కకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. సంచీ వెతికి, టెర్మినళ్లు తుడవడానికి మొగుడి దగ్గర తెచ్చుకునే గుడ్డముక్కల్లో మెత్తటిది, కొత్తది ఏరింది. డబ్బాలోంచి మరదలి ఉంగరం తీసి ఆ గుడ్డలో పెట్టి, తమ్ముడి ముందు పరిచింది.

"ఈ రెండూ విడిగా ఉంటాయి. వీటి మీద ఎవరి తాళాలూ పడవు. ఇప్పుడు మనసొప్పుతుందా?"

ఆయన ఉంగరం తీసి గుడ్డలో పెట్టాడు. భార్య దాన్ని మడిచి, ముడివేసి, డబ్బాలో ఓ మూలన పెట్టింది.

పని మొదలైంది. చెక్క పిడి స్పానరుతో ముందు మైనస్సు, తర్వాత ప్లస్సు విప్పారు. విప్పిన ప్రతి కొసకీ టేపు చుట్టారు. ఒకదాన్నుంచి ఒకదానికి వెళ్లే లింకులు ఊడదీశారు. ఉబ్బిన బ్యాటరీకి చెరోవైపు మోకాళ్లు వంచి కూర్చున్నారు. అడుగున చేతులు పెట్టారు. ఇన్నేళ్ల అలవాటు, అక్క ముందుకు వంగి, ఊఁ అనడానికి నోరు తెరిచింది.

"ఆగు," అన్నాడు తమ్ముడు.

అక్క విననట్టే ఇంకాస్త వంగింది.

"అక్కా, ఆగమన్నానా! కదలకు. నీ నడుము చూసుకో."

అంత గట్టిగా ఆయన మాట్లాడ్డం అక్క తన జన్మలో వినలేదు. కొయ్యబారిపోయి కిందికి చూసింది. నడుముకి దోపిన తాళాల గుత్తి జారి, బ్యాటరీ మీదకి వేలాడుతోంది. రింగు ఒక టెర్మినల్‌ పక్కనే ఉంది. ఇంకాస్త వంగితే గుత్తిలో అటు చివరి తాళం రెండో టెర్మినల్‌కి తగిలేది. ఊరందరి గొలుసులూ తీయించిన మనిషి, కంగారులో తన తాళాలు మరిచిపోయింది. తమ్ముడు ఒక చెయ్యి చాపి, గుత్తిని మెల్లగా పక్కకి లాగి, తీసి డబ్బాలో వేశాడు.

అక్క కొంగు దులుపుకుని, ఇంకేమైనా వేలాడుతోందేమో చూసుకుంది.

"కోపం వచ్చిందా అక్కా, అరిచానని?"

"అరవకపోతే వచ్చేది," అంది అక్క. సర్దుకుని మళ్లీ అడుగున చేతులు పెట్టింది. "నువ్వను."

"ఏం అనను?"

"ఊఁ అను. ఈసారి నువ్వే."

ఆయన అన్నాడు. ఎవరికీ వినపడలేదు.

"ఎవరికి చెప్తున్నావ్, బ్యాటరీకా? గట్టిగా!"

"ఊఁ!" అన్నాడు సరేబాబు. బ్యాటరీ లేచింది, పక్కకి తిరిగింది, చప్పుడు లేకుండా నేల మీద కూర్చుంది.

పాతవన్నీ తీసి, పక్కకి పడకుండా తిన్నగా నిలబెట్టి, తిరిగి కరిగించే వాళ్ల దగ్గరికి పంపడానికి ఓ వారగా పెట్టారు. బాగున్నట్టు కనిపించిన ఒకటి రెండు కూడా ఉంచలేదు. కొత్తవాటి మధ్య పాతదాన్ని ఇరికిస్తే అది అలిసిపోయి మిగతావాటినీ అలిసేలా చేస్తుంది. కొత్తవి ఒకే తేదీవి, మధ్యలో గాలాడే సందులతో వరసగా కూర్చున్నాయి. తమ్ముడు ప్లస్సు, మైనస్సు పైకి చదివాడు, అక్క వేలితో చూపించింది, తర్వాత అటూ ఇటూ మారి మళ్లీ చదువుకున్నారు. అన్నీ సరిపోయాకే ఆఖరి లింకు బిగించారు. వరండాలో మెయిన్ వేసి, ఒకసారి కరెంటు తీయించి చూస్తే ఆపరేషన్ గదిలో దీపం రెప్ప కూడా వెయ్యలేదు. తలుపు వడ్రంగి కొట్టుకి వెళ్లిపోయింది.

అక్క డబ్బా మూత తీసింది. మరదలు గుడ్డముడి విప్పి, ముందు ఆయన ఉంగరం ఆయన వేలికి తొడిగి, తర్వాత తనది పెట్టుకుంది. అక్క చూడనట్టు స్పానర్లు సర్దుకుంది. సర్దుకున్నాక తాళాల గుత్తి తీసి తమ్ముడి ముందు పెట్టింది. తండ్రి పోయినప్పటినుంచీ, పనిలో డబ్బాలోకి తప్ప, అవి ఆవిడ నడుము దాటి ఎక్కడికీ వెళ్లలేదు.

"రేపు పొద్దున్న కొట్టు నువ్వు తెరువు. మీ బావ నడుముకి కాపడం పెట్టాలి నేను."

తమ్ముడు తాళాలు చూశాడు. అక్కని చూశాడు. పెళ్లాన్ని చూశాడు. నోరు తెరిచి మూశాడు. మళ్లీ తెరిచాడు.

"రేపు కుదరదక్కా. తనకి సెలవు. ఇద్దరం బయటికి వెళ్దామనుకున్నాం. ఎల్లుండి తెరుస్తాను."

అనేసి, పిడుగు పడుతుందేమోనన్నట్టు నిలబడ్డాడు.

అక్క ఆయన మొహంలోకి కాసేపు తేరిపార చూసింది. తర్వాత తాళాలు తీసి నడుముకి దోపుకుంది.

"సరే," అంది.